పెరిగే పిల్లకి వదిలిన గుడ్డ

అమ్మమ్మ కుట్టిన బట్టలు ఎవరు తొడుక్కున్నా ఒక సైజు పెద్దగానే ఉండేవి. కొలవడం రాక కాదు. టేపు పట్టి సరిగ్గానే కొలిచేది. తీరా కత్తెర పట్టుకునేసరికి చెయ్యి దానంతట అదే కాస్త పక్కకి జరిగేది. "పెరిగే పిల్ల, లోపల గుడ్డ ఉండొద్దూ?" అనేది. కూతుర్ని అలాగే పెంచింది, ఆ కూతురి కూతుర్నీ అలాగే పెంచింది. ఏడాదికోసారి గౌను అంచు విప్పి కిందికి దించేటప్పుడు ఆవిడ మొహం చూడాలి! పిల్ల ఎదిగిందని వీధి వీధికీ చాటింపు వేసినంత సంబరం.

మనవరాలు పుట్టినప్పుడు గుప్పెడంతే ఉండేది. అందుకని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ పిచ్చుక ఇప్పుడు భవనాలకి ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. బుర్ర చురుకు, గీత చక్కన. ఏం లాభం? భుజాల మీంచి జారే చొక్కాలూ, వేళ్ళ మీదికొచ్చే చేతులూ చూసి, వచ్చినవాళ్ళంతా "పాపా, లోపల పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగేవారు. ఒకాయనైతే తాగేసిన టీ కప్పు దాని చేతిలో పెట్టి చక్కా పోయాడు.

అలాంటి పిల్లకి ఒక బడి కట్టే పని వచ్చింది. ప్లానంతా అదే గీసింది. సోమవారం బడివాళ్ళు వస్తున్నారు. "నువ్వే వివరించు. వాళ్ళు ఒప్పుకుంటే చివరిదాకా పని నీదే. లేదా, సీనియర్‌కి ఇచ్చేస్తాను" అన్నాడు ఆఫీసు పెద్ద.

అందుకని పిచ్చుక పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బయట దర్జీ దగ్గర కోటు కుట్టించుకుంది. నెమలికంఠం రంగు, మెత్తటి గుడ్డ, నడుము దగ్గర చిన్న నొక్కు. ఇంటికి తెచ్చి తొడుక్కుని చూపిస్తే అమ్మమ్మకి గుండెలో ముల్లు దిగినట్టయింది. కోటు పక్కన రెండు వేళ్ళతో పట్టి లాగి చూసింది.

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది అమ్మమ్మా."

"భోంచేస్తే?"

"కోటు వేసుకుని భోంచెయ్యను కదా! ఆఫీసులో ఇలాగే ఉండాలి. కంటికి బాగుండాలి, కానీ చూసినవాళ్ళు కోటు దగ్గరే ఆగిపోకూడదు. నేను చెప్పేది వినాలి."

ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక స్నేహితురాలింటికి వెళ్ళింది, చెప్పాల్సింది ఒకసారి చెప్పి చూసుకోడానికి. అమ్మమ్మకి కాలు నిలవలేదు. కోటు తీసి తిరగేసింది. అస్తరు కాస్త విప్పి చూస్తే ఏముంది, లోపల రెండు పక్కలా, చేతుల చివరా బోలెడు గుడ్డ! ప్రాణం లేచొచ్చింది. 'వీడూ మన బాపతే! గుడ్డ వదిలాడు కానీ, పాపం, వదులు చెయ్యడం మర్చిపోయాడు. పిల్ల మొహమాటపడి అడిగుండదు' అనుకుంది. అంతే, మిషను ముందు కూర్చుని కుట్లన్నీ విప్పి, ఉన్న గుడ్డంతా వదిలి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు అలమరలో తగిలించింది.

తెల్లారి పిచ్చుక కోటు తొడుక్కుంది. చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. నడుము ఎక్కడుందో వెతుక్కోవాలి. అప్పుడే ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన వాళ్ళమ్మ, భుజం మీద సంచీతోనే గుమ్మంలో నిలబడిపోయింది.

"అమ్మా, మళ్ళీ చేశావా?"

"పట్టేసినట్టుంటేనూ..."

"నా ఏడో తరగతి గౌను నేను కాలేజీకి వెళ్ళేదాకా వచ్చింది. ఇంక దీన్నైనా వదలవా?"

పిచ్చుక అరవలేదు. మంచం అంచున కూర్చుని, కోటు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసుకుంటూ అడిగింది. "అమ్మమ్మా, నేనింకా ఎంత పెరగాలి?"

అమ్మమ్మ దానివంక చూసింది. ఎప్పుడు ఎదిగిందో ఏమో, కూర్చున్నా ఆవిడ భుజం దాటి ఉంది.

"విప్పు తల్లీ" అంది, కళ్ళజోడు వెతుక్కుంటూ.

దర్జీ కుట్టు జాడ గుడ్డ మీద ఇంకా పోలేదు. దాని వెంటే మిషను పరిగెత్తించింది. చేతులయ్యాయి, ఎడమ పక్క అయింది. బస్సు వేళైపోయింది. కుడి పక్క చంక కింద సూదీ దారంతో పొడుగు కుట్లు మాత్రం వేసి, దారం పంటితో తెంపింది.

"ఈ పక్క గట్టి కుట్టు కాదు. కుడిచెయ్యి పైకెత్తకు, నీకు పుణ్యముంటుంది!"

పిల్ల వెళ్ళాక అమ్మమ్మ ఒక చోట కూర్చోలేదు. కాసేపటికి, అప్పుడే కన్నంటుకున్న కూతుర్ని తట్టి లేపింది.

"ఏమే, ఆ బడికి మేడ ఉందా?"

"రెండంతస్తులు. ఏం?"

"అయ్యో, పై అంతస్తు చూపించాలంటే చెయ్యెత్తాలిగా!"

"పడుకోనివ్వమ్మా!"

సాయంత్రం గేటు చప్పుడు కాగానే ఎదురెళ్ళింది.

"కుట్టు?"

"పని సంగతి అడగవేం?"

"ముందు కుట్టు!"

పిచ్చుక కోటు విప్పి చేతికిచ్చింది. దారం చెక్కు చెదరలేదు. "మొత్తం ఎడమచేత్తోనే చూపించాను. బడి పెద్దాయన, 'మీది ఎడమచేతి వాటమా అమ్మా?' అన్నాడు. 'ఇవాళ్టికి అవునండీ' అన్నాను. పని నాకే ఇచ్చారు అమ్మమ్మా. లోపల పెద్దవాళ్ళున్నారా అని ఒక్కరూ అడగలేదు."

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని మిషను ముందు కూర్చుంది. కుడి పక్క గట్టి కుట్టు వేసింది. ఆ తర్వాత కత్తెర తీసింది, లోపల మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యడానికి. ఉంటే మళ్ళీ తన చెయ్యి ఊరుకోదని ఆవిడకి తెలుసు.

పిచ్చుక ఆవిడ మణికట్టు పట్టుకుంది. "అది ఉండనీ."

"ఇంక పెరగవుగా?"

"పెరగను. లావెక్కుతానేమో! కానీ విప్పేముందు నన్నడుగు."

అమ్మమ్మ కత్తెర పక్కన పెట్టి, ఆ గుడ్డని వేలితో నిమిరి లోపలికి మడిచింది.

"అలాగేనండీ ఇంజనీరుగారూ, తమరెలా చెబితే అలాగే" అంది.