ఎడమ కాలు

కోడల్ని ఎవరేమైనా అనండి, పని దగ్గర మాత్రం మొండిఘటం. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పడగ్గది గోడలకి మేకులు కొట్టి వేలాడదీసి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకుంది. అందులో కూర్చుని డ్రమ్ అండ్ బేస్ సంగీతం కడుతుంది. అంటే నిమిషానికి నూట డెబ్భై నాలుగు దెబ్బలతో పరుగెత్తే డ్రమ్స్, వాటి కింద కడుపులో గుడగుడలాడించే బేస్ మోత. ఆ పరుగులోకి మన మృదంగాన్నో, వీణనో లాక్కొచ్చి కలపడం ఆమె ప్రత్యేకత.

"మీ ఆవిడ మిక్సీలో బోల్టులేసి తిప్పుతోందిరా" అని అత్తగారు కొడుకుతో అనేవారు. అంటూనే తలుపు దగ్గర నిలబడి పాటంతా వినేవారు.

ఆవిడేం తక్కువ మనిషా! ముప్పై ఏళ్లు నాట్యం నేర్పారు. వేదిక పక్కన కూర్చుని కంచు తాళాలు మోగిస్తూ జతులు చెబుతుంటే, ఎంత పేరున్న నర్తకైనా ఆ తాళానికి లోబడి ఆడాల్సిందే. చప్పట్లు మాత్రం ఆడినమ్మకి. తాళం వేసినావిడ పేరు కరపత్రంలో లైట్లబ్బాయి పేరు తర్వాత ఉండేది, అదీ గుర్తుంటే. మోకాళ్లు మొరాయించడంతో రెండేళ్ల కిందట క్లాసు మూసేశారు.

ఒక రికార్డుల కంపెనీ కోడల్ని ఒక పాట అడిగింది. ఆమె నేరుగా అత్తగారి దగ్గరికెళ్లింది.

"నా తాళాలతో నీకేం పనే? నీ కంప్యూటర్లో లేవూ?"

"ఉన్నాయత్తయ్యా. వాటికి ప్రాణం లేదు."

అత్తగారు బింకంగా ఒప్పుకున్నారు. కోడలు దుప్పటి గోడకేసి కుర్చీ తిప్పి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, మైకు ముందు కూర్చోబెట్టింది. లెక్క ఎక్కడా తప్పలేదు. కానీ దెబ్బలో పస లేదు. నాలుగు రోజులు అదే వరస. అయిదో రోజు అత్తగారు తాళాలు ఒళ్లో పెట్టేసుకున్నారు.

"ఆడలేక మద్దెల ఓడంటారు. నేనలా అననులే. నీ మిషను బాగానే ఉంది, నా చెయ్యే పోయింది. వీటిని నా శిష్యురాళ్లలో ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. ఇంక నావల్ల కాదు."

కోడలికి బెంగ పాట గురించి కాదు. పాట పోతే ఇంకోటి వస్తుంది. ఈవిడ ఈ మాట నమ్మేసి గదిలోకెళ్లి కూర్చుంటే ఎలా?

ఆ సాయంత్రం అత్తగారి పాత ప్రదర్శన వీడియో పెట్టుకు చూసింది. చూసి నెత్తిన కొట్టుకుంది. అత్తగారి చూపు ఒక్కసారైనా తాళాల మీద లేదు, అంతా నర్తకి పాదాల మీదే! "నా బుద్ధి తగలెయ్య! ముప్పై ఏళ్లు పాదాలు చూసి వాయించిన మనిషిని దుప్పటి చూసి వాయించమన్నాను."

మర్నాడు కుర్చీ గోడవైపు నుంచి గది మధ్యకి తిప్పింది. చప్పుడు రాకుండా కింద పరుపు పరిచి, ప్యాంటు మడిచి దాని మీద నిలబడింది.

"నువ్వా ఆడేది?" అన్నారు అత్తగారు.

"నాకు రాదుగా అత్తయ్యా. మీరే చూసుకోవాలి."

డ్రమ్స్ మొదలయ్యాయి. కోడలు గెంతింది. దాన్ని ఆట అంటే ఆటకే అవమానం. పరుపు మీద రెండుసార్లు పడబోయింది కూడా. అత్తగారి కనుబొమలు ముడిపడ్డాయి. చేతులు లేచాయి. పాదం దిగబోయే చోటికి తాళం వెంట్రుకవాసి ముందే వెళ్లి, రమ్మని పిలుస్తోంది. "తకిట తకధిమి... ఎడమ కాలే మొద్దూ, ఎడమ కాలు!" అంటూ, దెబ్బ తప్పకుండానే, గదంతా అదిరేలా అరిచారు. పాట అయ్యేసరికి ఇద్దరికీ ఆయాసం. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

కంపెనీ ఆయన ఫోన్ చేశాడు. "తాళం అద్భుతమండీ. మధ్యలో ఆ అరుపొక్కటి తీసెయ్యండి."

"అది తియ్యాలంటే పాటే తీసేస్తాను. ఇంకోటి, ఆవిడ పేరు నా పేరు పక్కనే వెయ్యాలి. కింద కాదు."

నెల తిరక్కుండా, ఒక ఆదివారం మధ్యాహ్నం, కిక్కిరిసిన హాల్లో కోడలు ఆ పాట వేసింది. పక్కనే కుర్చీలో అత్తగారు. అరుపు వినపడగానే జనం గొల్లున నవ్వారు. కోడలు దాన్నే రెండోసారి తిప్పి వేసేసరికి హాలు హాలంతా "ఎడమ కాలు!" అని అరుస్తూ ఎగిరింది. అత్తగారు ముందు సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా కొంగు దించి, మెడ నిటారుగా పెట్టి, కళ్లు చికిలించి కిందికి, జనం పాదాలకేసి చూశారు. ఈవిడ మా అత్తగారు అని అందరికీ వినపడేలా చెప్పాలనిపించింది కోడలికి.

పాట అయ్యాక అత్తగారు పెదవి విరిచారు.

"ఇంతమందిలో ఒక్కరికైనా అడుగు కుదిరిందా? వీళ్లనిలా వదిలేస్తే ఎలాగే? ఆ మైకు ఇలా తే."

కోడలు ఇచ్చింది. చప్పట్లు ఆగేదాకా అత్తగారు ఆగారు.

"రేపు పొద్దున్న ఏడింటికి మా ఇంట్లో క్లాసు. ఆలస్యంగా వచ్చినవాళ్లు బయటే."