మైనం పూసిన ఇసుక

ఇంకదు, ఈ నీరు ఇంకదని తెలిసే గట్టు మీద కూర్చున్నాను, ఒకప్పటి రేవు ముయ్‌నాక్ వైపునుంచి గాలి ఎండిన సముద్రపు ఉప్పును మోసుకొచ్చి కనురెప్పల మీద పెడుతోంది, విత్తే ముందు మడి నిండా నీరు పెట్టి ఉప్పును కిందికి కడగడం మా తాతల నాటి పని, ఈసారి పెట్టిన నీరు పెట్టినట్టే ఉంది, ఇదేమన్నా బాతుల చెరువా బావగారూ, అంటోంది మా తమ్ముడి భార్య ఐసానెమ్, వాడు పోయాక ఈ ఖర్బూజా మడే ఆమెకు మిగిలింది, చేపలు వదులమ్మా, సముద్రం తిరిగొచ్చిందని పేపర్లో వేస్తారు, అంటున్నాడు పక్క మడి ఒరాజ్‌బాయ్, నవ్వడానికి కూడా ఓపిక లేదు నాకు, నిరుటి శరదృతువులో పరిశోధనశాల వాళ్లు మోకాలి లోతు మన్ను తీసి, మైనం పూసిన ఇసుకను పరిచి, గట్ల వెంబడి పైదాకా మలిచి, మళ్లీ మన్ను కప్పి వెళ్లారు, అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగబాకకుండా, మామూలు ఇసుక గాజుకు తోబుట్టువు, నీటికి స్నేహితురాలు, తన సందుల్లోంచి వత్తిలా పైకి లాక్కుంటుంది, కంటికానని మైనపు పొర చాలు, అదే ఇసుక మీద చుక్క పాదరసంలా దొర్లుతుంది, లోపలి రేణువు మాత్రం మారదు, పై పొర ఒక్క చలికాలానికే అరిగిపోతుందని అన్నాను, బడిలో కెమిస్ట్రీ చెప్పిన నలభై ఏళ్ల అనుమానంతో అన్నాను, అరగలేదు, పూత నెగ్గింది, మడి మాత్రం ఓడిపోతోంది, ఇటువంటి గెలుపును ఏమనాలో తోచని అలసట ఇది.

పారతో అడుగున పొడిచేయనా బావగారూ, అంటోంది, పొడువమ్మా, మీ బావగారికి దేవుడి మీదా నమ్మకం లేదు, ఇసుక మీదా లేదు, అంటున్నాడు ఒరాజ్‌బాయ్, పొడిస్తే ఎండాకాలంలో ఆ కన్నాల్లోంచే ఉప్పు ఎక్కుతుంది, పొడవకపోతే ఈ నీరు ఎండకు ఎగిరిపోయి, కరిగిన ఉప్పు మళ్లీ పైనే పేరుకుని మొలకను మాడ్చేస్తుంది, ఈ ఏడూ పండకపోతే మడి వదిలేసి నుకుస్ పట్నం పోతానంది ఐసానెమ్, అన్నదంటే పోయే మనిషి, కిందినుంచి రానివ్వనిది కిందికీ పోనివ్వదు, ఆ పొరకు పైనా కిందా ఒకటే, మరి ఉప్పెటు పోవాలి బావగారూ, గాల్లోకా, ఎటు, అవును, పూత ఎంతకాలం నిలుస్తుందని వాళ్లూ నేనూ వాదించుకున్నాం, ఎటు పోవాలని ఎవరమూ అడగలేదు, మడి వాలు, మడుల ఉప్పునీరు బయటికి పోయే ఉప్పుకాలువ వైపే, అక్కడ కూడా గట్టు వెంబడి మైనపు ఇసుకను పైకి మలిచారు, అడుగు ముట్టుకోవద్దమ్మా, ఆ ఒక్క పక్క గట్టును పొర దాకా తెంపు, ఉప్పు కరిగిన నీరు పొర మీదుగా కాలువలోకి జారుతుంది, నీటిని తాగని నేల దాన్ని మోసుకెళ్లగలదు, మెల్లగానైనా, దారి ఇస్తే చాలు.