పెరుగు పోసిన న్గలాఖ్

నీళ్ళు కిటికీల దాకా వచ్చిన ఏడాదికి మరుసటి ఏడు అది. పికిన్ పేటలో మా వీధివాళ్ళం ఏళ్ళను అలాగే లెక్కపెడతాం. వాన వెళ్ళిపోయింది కాని నీళ్ళు వెళ్ళలేదు. పల్లంలో వదిలేసిన ఇళ్ళల్లో కలువలు పూశాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కొంగ నడిచిపోతుంటే గోడమీద దాని నీడ కూడా మెల్లగా నడిచేది. మసీదు మినారూ చర్చి సిలువా ఒకే మడుగులో తలకిందులుగా పక్కపక్కనే ఉండేవి. గాలి వీస్తే కలిసిపోయేవి. ఆగితే విడిపోయేవి. తాపీ పనికి పోతూ నేను వాటిని చూస్తూ నిలబడిపోయేవాణ్ణి.

ఆ నీళ్ళు తెచ్చిన జ్వరంతోనే ఓనోరిన్ పోయింది. మా ఎదురింటి వాలీ భార్య. వాళ్ళు సెరేర్లు, చర్చికి వెళ్ళేవాళ్ళు. మేము టుకులోర్లం, మసీదుకు వెళ్ళేవాళ్ళం. మా రెండు జాతులకూ తాతలనాటి నుంచి బావమరుదుల వరస. ఎదురుపడితే ఒకరినొకరు బానిస అని తిట్టుకోవాలి. తిట్టకపోతే తప్పు. తిట్టినందుకు కోపం తెచ్చుకుంటే ఇంకా తప్పు. నేను మాటలు తక్కువ మనిషిని. రోజు మొత్తంలో నేనాడే మాటల్లో సగం వాలీని తిట్టడానికే పోయేవి.

చావింట్లోనూ వరస వరసే. శవపేటిక ఎత్తుతుంటే వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"ఎక్కడికి తీసుకుపోతున్నార్రా? ఇది మా బానిస. మా ఇంట్లో సజ్జలు దంచకుండా ఎలా పోతుంది? లేచి రమ్మనండి."

ఏడుస్తున్న ఆడవాళ్ళు తలగుడ్డలు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. ఫాదరు గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. వాలీ నవ్వలేదు. తిరిగి తిట్టలేదు.

ఆ తర్వాత కూడా తిట్టలేదు. పొద్దున గుమ్మంలోంచి "ఏరా బానిసా, బతికే ఉన్నావా?" అని నేను అరిస్తే, "బాగున్నాను హమ్మాదీ" అనేవాడు. బావ అన్నవాడు పేరు పెట్టి మర్యాదగా పిలిస్తే, చలికాలంలో తలుపు తీసి పెట్టినట్టు ఉంటుంది.

ఈస్టరు ముందరి ఉపవాసాలు చివరికొచ్చాయి. ఏటా గుడ్ ఫ్రైడే నాడు ఓనోరిన్ గంగాళంలో న్గలాఖ్ కలిపేది. ఆవిరి మీద ఉడికిన సజ్జ రవ్వలో వేరుశెనగ ముద్ద, బావోబాబ్ కాయల పుల్లటి గుజ్జు, పంచదార, జాజికాయ. మేము జుమ్మా నమాజు చేసుకుని వచ్చేసరికి ప్రతి ముస్లిం ఇంటికీ మూత పెట్టిన గిన్నె చేరి ఉండేది. మొదటి గిన్నె ఇమాం గారింటికి. కుర్బానీ ఇచ్చే తబస్కి పండక్కి మా పొట్టేలు మాంసం వాళ్ళింటికి వెళ్ళేది.

ఆ వారం వాలీ మా ఆవిడ దీకెల్‌తో అన్నాడట: "ఈసారి నా గుమ్మంలోంచి గిన్నె బయటికి పోదు చెల్లెమ్మా. గిన్నె పోని ఇంట్లో ఇంకెందుకు ఉండటం? శనివారం లారీ మాట్లాడాను. మా ఊరెళ్ళిపోతాను."

దీకెల్ వచ్చి నా ముందు నిలబడింది. "రాయిలా కూర్చుంటావేమయ్యా? వెళ్ళి ఉండమని చెప్పు."

"చెబితే ఉంటాడా?"

"మరేం చేద్దాం?"

"గిన్నె పంపుదాం."

"మనమా? మనకి చేయటం వచ్చా?"

"ఇన్నేళ్ళు తిన్నాం కదా."

"తిన్నవాళ్ళందరికీ వండటం వస్తే ఈపాటికి నువ్వు పెద్ద వంటవాడివి" అంది. అంటూనే సజ్జలు చేటలో పోసింది.

గుడ్ ఫ్రైడే నాడు చర్చి గంట మోగదు. సముద్రం వైపు నుంచి పొగమంచు వచ్చి ఇళ్ళన్నీ దూరం జరిగినట్టున్నాయి. ఆ తెల్లటి నిశ్శబ్దంలో మా రోకలి చప్పుడొక్కటే, నిద్రలో ఎవరి గుండో కొట్టుకుంటున్నట్టు. అన్నీ కలిపాక రవ్వ పొడిపొడిగా కనిపించింది. దీకెల్ ఆనపబుర్రలో ఉన్న పెరుగంతా పోసేసింది. మాది పశువులు కాసుకునే జాతి. సజ్జ రవ్వ కనబడితే మా చెయ్యి దానంతటదే పెరుగు దగ్గరికి పోతుంది. నాకూ తప్పనిపించలేదు.

నమాజయ్యాక గిన్నె పట్టుకుని బయల్దేరాను. మడుగు మీద వేసిన చెక్కల మీదుగా తెల్లంగీల వాళ్ళు మంచులో నడిచి వస్తున్నారు, నీళ్ళ మీదే నడుస్తున్నట్టు. ఇమాం గారు నా వెనకే వచ్చారు.

వాలీ వాకిట్లో మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. గిన్నె ముందు పెట్టాను.

"తిను బానిసా."

ఉపవాసం కదా, తినలేదు. మూత తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. మొహమంతా ముడుచుకుపోయింది. ఏడుస్తాడనుకున్నాను.

"ఇందులో పెరుగు పోసిందెవడు?"

నేను మా ఇంటి వైపు చూశాను.

"న్గలాఖ్‌లో పెరుగా! అదీ గుడ్ ఫ్రైడే నాడు! ఒరే టుకులోర్ గాడిదా, దేవుడి సృష్టిలో మీ జాతికి ఆవు తప్ప ఇంకేం కనబడదా? సముద్రాన్ని చూపిస్తే దానిక్కూడా తోడు వేస్తార్రా మీరు!"

"వేసేవాళ్ళే. అంత తోడు దొరక్క ఆగారు" అన్నారు ఇమాం గారు.

"మీరు నవ్వకండి ఇమాం గారూ! మొదటి గిన్నె మీదే కదా. ఇది గనక మీ నోట్లో పడితే ఓనోరిన్ సమాధిలోంచి లేచొచ్చి..."

అక్కడ ఆగిపోయాడు. పాతిపెట్టిన రోజు నుంచి ఆ పేరు వాడి నోట రాలేదు. తువ్వాలు మొహాన కప్పుకుని చాలాసేపు ఏడ్చాడు. మంచు మా మధ్య నుంచి మెల్లగా పోతూ ఉంది.

తర్వాత తువ్వాలు తీసి, "దీకెల్‌ని పిలు బావా" అన్నాడు. "బావోబాబ్ కాయలు మిగిలితే తెమ్మను. పెరుగు బుర్ర మాత్రం ఈ గుమ్మం తొక్కకూడదు."

మూట విప్పి గంగాళం బయటికి తీశాడు. కలపడం వాడికీ చేతకాదు. పక్కన కూర్చుని ఆమె ఎలా చేసేదో చెబుతూ పోయాడు. ముందు గుజ్జు పిసకాలి, తర్వాత వడగట్టాలి, వేరుశెనగ ముద్ద పొయ్యి చూడకూడదు. దీకెల్ పిసికింది. సిలువ మార్గం ప్రార్థన ముగించి వచ్చిన చర్చి ఆడవాళ్ళు వడగట్టారు. ఇమాం గారు అంగీ చేతులు పైకి మడుచుకుని పల్లీలు ఒలిచారు.

"ఇమాం గారూ, మీరు ఒలిచినవి గిన్నెలోకి రావట్లేదే!"

"పుచ్చులున్నాయేమో చూస్తున్నాను నాయనా" అన్నారు, నములుతూనే.

పొద్దు వాలేసరికి మంచు బంగారపు రంగు తిరిగింది. వాలీ గుమ్మంలోంచి గిన్నెలు ఒకటొకటే బయటికి వెళ్ళి, ఆ వెలుగులో కనబడకుండా పోతున్నాయి. మొదటి గిన్నెను ఇమాం గారు తన ఇంటికి తానే మోసుకుపోయారు.

లారీ మాట ఎవరమూ ఎత్తలేదు. మిగతా మూటలు గోడ పక్కన అలాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. వాలీ ఇంకా లేవలేదు. నేను ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను.

"సామానేది తాతా?"

"సామాను లేదు. ఇసుక దిబ్బల వైపు పోనీ."

ఇసుక తెచ్చి వాలీ గుమ్మం ముందు దింపించాను. వానలు వచ్చేలోగా ఆ ఇంటి నేల మోకాలెత్తు లేపాలి. చప్పుడుకి వాలీ బయటికొచ్చాడు. ఇసుక వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"పిలవకుండానే పనిలోకొచ్చావే. మంచి బానిసవిరా బావా" అన్నాడు.

పార నిండా ఇసుక ఎత్తి, వాడి కాళ్ళ పక్క నుంచి ఇంట్లోకి విసిరాను.