తర్వాతి పడవలో చిటపట

ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ దాంతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. చిన్నప్పుడు వేడి నూనెలో ఆవాలు పడ్డట్టు మాట్లాడుతుందని అన్నయ్య "చిటపట" అన్నాడు. అదే ఉండిపోయింది.

ఇప్పుడు నలభై దాటాయి. కండరాలు ఏటికేడు కరిగిపోయే జబ్బు. కాళ్లు ఎప్పుడో మొరాయించాయి, చేతులు సగం మాటే వింటాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ నోటితోనే ఉద్యోగం కూడా. నీళ్ల సరఫరా కంపెనీలో ఫోన్ దగ్గర కూర్చుని ఫిర్యాదులు వింటుంది. కుళాయి రాలేదని తిట్టేవాళ్లకీ, బురదనీళ్లు వచ్చాయని మొత్తుకునేవాళ్లకీ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చెబుతుంది. ఆ మాటలో చింత ఆవగింజంత కూడా ఉండదని ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు.

అందుకే సముద్రం పక్కన హోటల్‌కి చేరిన సాయంత్రం, మెట్ల దగ్గరికొచ్చిన రిసెప్షన్ ఆయన టై సర్దుకుంటూ అదే మాట అనేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఫోన్లో నేను రెండుసార్లు అడిగాను. మెట్లు లేవన్నారు," అంది.

"లిఫ్టు దగ్గర లేవండి," అన్నాడాయన. "లిఫ్టు దాకా రావడానికే ఈ నాలుగూ." ఆ ముక్క కూడా ఆమెతో కాదు, ఆమె తల మీదుగా అన్నయ్యతో అన్నాడు. "మేడంగారిని కాస్త ఎత్తుకుంటే సరిపోతుంది సార్."

"మేడంగారు ఇక్కడున్నారు. కింద. మెడ వంచితే కనిపిస్తారు."

ఆయన మెడ వంచలేదు. అన్నయ్యే వంగాడు. "పోనీలేవే, వచ్చింది సరదాగా గడపడానికి. సర్దుకుపో," అంటూ చంకల కింద చేతులు పెట్టి, చెప్పాపెట్టకుండా, బియ్యం బస్తాని లేపినట్టు లేపాడు. ఒక చెప్పు జారి మెట్ల మీద పడింది. హాల్లో సోఫాల మీదున్న వాళ్లంతా ముందు చెప్పునీ, తర్వాత ఆమెనీ చూసి, ఆపైన మర్యాదగా చూపు తిప్పుకున్నారు.

సర్దుకుపో. ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ ఆమె కోసమే కనిపెట్టినట్టుంది. బయల్దేరేటప్పుడూ అదే. ఆమెకు ఒక మోటారు కుర్చీ ఉంది. కుడిచేతి రెండు వేళ్లు కదిపితే చాలు, ఎటంటే అటు పోతుంది. ఆఫీసుకి అందులోనే వెళ్తుంది, వీధి చివర దుకాణాలకీ అందులోనే. ప్రయాణం పొద్దున చూస్తే వ్యాన్ వెనక పెట్టెలున్నాయి, మడత కుర్చీ ఉంది, మోటారు కుర్చీ లేదు. "అది పెడితే సామాను పట్టదే. అయినా తోయడానికి మేం ఉన్నాంగా," అన్నాడు అన్నయ్య. మీరున్నారు, నిజమే. నేనే లేకుండా పోయాను అనాలనుకుంది. అప్పటికే వ్యాన్ కదిలింది.

మర్నాడు పొద్దున వదిన పళ్లు తోమించి, జడ వేస్తూ మెల్లగా అంది. "ఇవాళ తిరుగుడుంది కదా, నీళ్లు కాస్త తక్కువ తాగు. బయట బాత్రూములు ఎలా ఉంటాయో ఏమో. నీ ఆరోగ్యానికే మంచిది."

గొంతు ఎండినా తాగలేదు. వదిన మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పదు.

రేవు హోటల్‌కి దగ్గరే. అక్కణ్ణుంచి ఎదురుగా కనిపించే దీవికి పడవలు తిరుగుతాయి. ఒకటి అటు పోతుంటే ఇంకొకటి ఇటు వస్తూ ఉంటుంది. దీవి మీద దీపస్తంభం. ఈ ప్రయాణం అనుకున్న రోజు నుంచీ చిటపట ఫోన్లో దాని బొమ్మ చూసుకుంటూనే ఉంది.

టికెట్ల గది పక్కన రేకు నీడలో అన్నయ్య కుర్చీ ఆపి బ్రేకు బిగించాడు. ఒళ్లో నీళ్ల సీసా, కళ్లజోడు పెట్టె, పర్సు పెట్టాడు.

"మేం అలా వెళ్లి ఇలా వచ్చేస్తాం," అన్నాడు.

"మేం అంటే?"

"నేనూ, మీ వదినా. నీకెందుకే ఆ ఎండ? అక్కడేముంది, రాళ్లు తప్ప! పడవలో కుర్చీలు ఎక్కించరు."

వదిన ఏదో అనబోయింది. అన్నయ్య అప్పటికే ఆమె మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. పోతూ పోతూ టికెట్లు అమ్మే ఆవిడతో, "మా చెల్లెల్ని కాస్త చూస్తుండండి," అన్నాడు, గొడుగో సంచో అప్పజెప్పినట్టు.

పడవ కదిలింది. చిటపట దాన్ని చూడలేదు. చూడాలన్నా కుదరదు, కుర్చీని అన్నయ్య కార్లు ఆపే స్థలం వైపు తిప్పి పెట్టి వెళ్లాడు. ఎదురుగా తమ వ్యానే. దాని వెనక అద్దంలో ఒక ముక్క సముద్రం.

టికెట్లావిడ లావుపాటి మనిషి, చెమటలు కారుతూ బయటికొచ్చింది. చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా, "ఏమ్మా! బావున్నావా! ఏమైనా కావాలా!" అంది.

"వినిపిస్తోందండీ. పని చెయ్యనివి కాళ్లు."

ఆవిడ నాలిక్కరుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో, "మరి నువ్వెళ్లలేదే?" అంది.

"కుర్చీలు ఎక్కించరు కదా."

"ఎవరన్నారు?" ఆవిడ మొహం చిట్లించింది. "పడవ ఎక్కడానికి వేసే ఆ వెడల్పాటి పలక ఎందుకు మరి? సైకిళ్లు ఎక్కుతాయి, పిల్లల బండ్లు ఎక్కుతాయి, మొన్న ఎవరో బీరువా కూడా ఎక్కించారు. కుర్చీకేం రోగం?"

"మా అన్నయ్య మిమ్మల్ని అడిగాడా?"

"లేదే. రెండు టికెట్లు ఇమ్మన్నాడు, ఇచ్చాను."

అడగలేదు. కుదరదని ఎవరో చెబితే ఒక రకం. వాళ్లని తిట్టచ్చు, పై వాళ్లకి చెప్పచ్చు, కనీసం గేటు దగ్గర గొడవ పెట్టచ్చు. ఇక్కడ కుదరదని అన్న మనిషే లేడు. నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగడానికి కూడా ఆమె విలువ చెయ్యలేదు. ఇన్నేళ్లలో ఇలా ఎన్నిచోట్ల అడక్కుండానే "కుదరదట" అని వచ్చి చెప్పి ఉంటాడు? ఆ పెళ్లిళ్లు, ఆ మేడ మీది విందులు, ఆ సినిమా హాళ్లు...

"నాకో టికెట్ ఇవ్వండి," అంది. "పర్సు నా ఒళ్లోనే ఉంది, మీరే తీసుకోండి."

"అన్నగారు వచ్చేస్తారేమోనమ్మా."

"రానివ్వండి."

చాలాసేపటికి తర్వాతి పడవ వచ్చి ఆగింది. పడవ మనుషులు ఇద్దరు దిగారు. ఒకడు వస్తూనే కుర్చీ చేతులు పట్టుకోబోతే, "ఆగు," అంది. "చేతులు ఊడొస్తాయి. కింద కడ్డీ ఉంది చూడు, అది. నువ్వు వెనక. 'సరే' అని నేనన్నాకే కదలండి." వాళ్లు అలాగే చేశారు. పలక చివర చక్రం తగులుకుని గట్టిగా ఎగిరిపడింది, పళ్లు కొట్టుకున్నాయి. "అయ్యో, తగిలిందా?" అన్నాడు వెనకవాడు. తగిలింది. ఫరవాలేదంది. తనకి చెప్పకుండా చేసింది కాదు, తను చెప్తే జరిగింది. ఆ దెబ్బ తనది.

పడవ నడిమధ్యకి వచ్చేసరికి గాలి మొహాన కొట్టింది. పక్కన కూర్చున్న ఒంటరి ప్రయాణికురాలిని సీసా మూత తీసిపెట్టమని అడిగి, సీసాలో నీళ్లన్నీ తాగేసింది. వద్దనేవాళ్లు ఎవరూ లేరు. అప్పుడే ఎదురుగా రెండో పడవ వచ్చింది. దగ్గరగా, మొహాలు గుర్తుపట్టేంత దగ్గరగా. కమ్మీ పట్టుకుని నిలబడ్డ అన్నయ్య ఆమెను చూశాడు. ముందు నమ్మలేదు. తర్వాత నోరు తెరిచాడు. "ఏయ్! ఏయ్! ఎక్కడికే!" అని అరుస్తున్నాడని పెదాలు చూస్తే తెలుస్తోంది, మోటారు మోతలో ఒక్క ముక్క వినబడలేదు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి వెనక నవ్వుతోంది. పడవలు దాటిపోయాయి.

దీవి మీద ఆ ప్రయాణికురాలే కుర్చీని సిమెంటు బాట వెంట దీపస్తంభం కింద చదును దాకా తోసిపెట్టింది. ఇక్కడేముంది, రాళ్లు తప్ప అన్నాడు కదా. నిజమే, రాళ్లే. వాటి మీద అలలు తలబాదుకుంటున్నాయి, తనలాగే, ఎవరి మీదో తెలీని కోపంతో. కాదు, ఎవరి మీదో తెలుసు. అయినా హాయిగా ఉంది. కోపం ఉండగానే ఇంత హాయి ఉంటుందని ఆమెకు ఇంతవరకూ తెలీదు.

ఆ హాయి కాసేపే. తాగిన నీళ్లు ఊరుకుంటాయా? ఇక్కడ బాత్రూం రాతి మెట్లెక్కి పైన ఉంది. ప్రయాణికురాలు పాపం పరిగెత్తి ఇద్దర్ని పిలుచుకొచ్చింది. వాళ్లకి ఎలా ఎత్తాలో చిటపట చెప్పింది, సగం మెట్ల దాకా ఎక్కారు కూడా. ఆలస్యమైపోయింది. మళ్లీ తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రయాణికురాలు తన తువ్వాలు ఒళ్లో కప్పి, పక్కనే నిలబడింది.

అన్నయ్య వచ్చేసరికి అలా ఉంది ఆమె. అటు ఒడ్డున పడవ దిగకుండా వదినతో సహా అందులోనే తిరిగొచ్చాడు. బాటంతా పరిగెత్తినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు.

"బుద్ధుందా నీకు? కుర్చీ జారి నీళ్లలో పడితే?" అంటూనే తువ్వాలు చూశాడు, కింద తడి చూశాడు. గొంతు తగ్గించి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, "చూశావా? అందుకే వద్దన్నది," అన్నాడు.

"అందుకే ఏంటి?" ఆమె గొంతు తగ్గించలేదు. "తడిసింది నా బట్టలు. నీ పరువు కాదు."

"మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను. పడవలో కుర్చీలు ఎక్కించరని నీకెవరు చెప్పారు? పేరు చెప్పు. ఎవరు?"

అన్నయ్య మళ్లీ చుట్టూ చూశాడు.

"అడగలేదు నువ్వు. అడిగితే 'ఎక్కించచ్చు' అంటారని భయం! నన్ను వ్యాన్‌కి ఎదురుగా పారేసి పోయావు. కనీసం సముద్రం వైపైనా తిప్పలేదు!"

"పారేశానా?" ఇప్పుడు అతనూ అరిచాడు. "నీకు పన్నెండేళ్లప్పట్నుంచీ మోస్తున్నానే నిన్ను! స్కూలుకి మోశాను, ఆస్పత్రులకి మోశాను. ఏడాదికోసారి ఒక్క గంట, ఒకే ఒక్క గంట, నా పెళ్లాంతో చేతులూపుకుంటూ నడవకూడదా నేను?"

"నడువు! ఎవరు వద్దన్నారు? 'మేమిద్దరం కాసేపు ఒంటరిగా ఉంటాం' అని నా మొహాన చెబితే ఛీ పొమ్మనేదాన్నా? అబద్ధం ఎందుకు చెప్పావు? నా ఎండ గురించి, నా ఆరోగ్యం గురించి, నా పేరు అడ్డం పెట్టి ఎందుకు చెప్పావు?"

అన్నయ్య విసురుగా వెళ్లి దూరంగా ఒక రాతి మీద వీపు తిప్పి కూర్చున్నాడు.

వదిన కుర్చీని పెద్ద బండ చాటుకి తోసింది. ఆవిడ సంచిలో ఎప్పుడూ చిటపట కోసం ఒక జత బట్టలుంటాయి. ప్రయాణికురాలు తువ్వాలు అడ్డం పట్టుకుంది. తుడిచి, మార్చి, తడి బట్టలు కవరులో కుక్కి, ప్రయాణికురాలు వెళ్లిపోయాక అప్పుడు నోరు విప్పింది.

"నీళ్లు తాగొద్దన్నది నా నడుము కోసం. నీ ఆరోగ్యం అని నేనూ అబద్ధమే చెప్పాను."

"నిన్ను నేనేమైనా అన్నానా వదినా?"

"అదే నా కోపం." కవరు ముడి గట్టిగా లాగింది. "ఎప్పుడూ నన్నేమీ అనవు. తిట్టాలంటే అన్నయ్య, కడగాలంటే వదిన. ఆయన మోశాడట! బాత్రూం తలుపు దగ్గర ఎవరు నిలబడతారో ఆయన్ని అడుగు. నన్నెవరైనా అడిగారా, నీకు ఓపికుందా అని? నువ్వడిగావా?"

చిటపట ఫోన్లో అయితే ఈపాటికి చింతిస్తున్నాం అని ఉండేది.

"లేదు," అంది. "అడగలేదు. ఊరెళ్లగానే మనిషిని పెట్టుకుంటాను. నా జీతం నాకుంది. నీ పని నాకొద్దు, నువ్వు కావాలి."

"ఆ మాట ఎప్పుడో అన్నావుగా. ఇంట్లో పరాయి మనిషి ఎందుకని ఆయనేగా అడ్డం పడ్డాడు."

"నువ్వేమన్నావు అప్పుడు?"

"నన్నడిగితే కదా!"

ఇద్దరూ ఒకేసారి ఆ రాతి మీది వీపు వైపు చూశారు. వదిన నవ్వలేదు. చిటపట కూడా నవ్వలేదు.

పడవ కూత వేసింది. వదిన రేవు దాకా తోసుకొచ్చింది. అన్నయ్య లేచి వెనకాలే వచ్చాడు, ఎర్రబడ్డ మొహంతో, ఎవరి వైపూ చూడకుండా. పలక దగ్గర పడవ మనిషి ముందు కడ్డీ పట్టుకోగానే, అన్నయ్య వెనక చేతులు పట్టుకుని ఒక్క ఊపున లేపేశాడు.

"దించు," అంది చిటపట.

"జనం ఆగున్నారే."

"ఆగనీ. దించు."

దించాడు. పడవలోవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. పడవ నడిపే సరంగు మళ్లీ కూత వేశాడు. అన్నయ్య మెడ మీద నరం ఉబ్బింది. వదిన పక్కన నిలబడి ఒక్క వేలు సాయం కూడా పట్టలేదు.

"ఎక్కడ పట్టుకోవాలి?" అన్నాడు, పళ్ల సందుల్లోంచి.

"చేతులు కాదు. కింద కడ్డీ."

వంగి పట్టుకున్నాడు. లేపలేదు. ఆమె వెంటనే చెప్పలేదు. సముద్రం వైపు చూసింది, ఊపిరి పీల్చుకుంది, కోపం ఏమాత్రం తగ్గలేదని చూసుకుంది.

"సరే," అంది.