పెద్దక్క ఒంట్లో ఇనుము

పెద్దక్క కత్తి దించింది. చేప తల ఎగిరి పక్క గంపలో పడింది. నోరు ఇంకా తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది. ముప్పయ్యేళ్లుగా ఆమె పని ఇదే: తల నరకడం, పొట్ట చీల్చడం, మొప్పలు పీకడం. చేపల బజారులో ఆమె జోలికి వెళ్లే మగాడు లేడు. చెల్లెలి జడ పట్టి లాగిన తాగుబోతు వేళ్లను ఒకసారి ఈ చెక్కదుంగ మీదే చితగ్గొట్టింది.

ఆ ఉదయం ఒక పెద్ద చేప చావనని మొండికేసింది. తోకతో ఈడ్చి కొట్టింది. వీపు ముల్లు పెద్దక్క బొటనవేలి మొదట్లో కసుక్కున దిగింది. ఆమె దాన్ని పళ్లతో లాగి ఉమ్మేసి, ఆ చేప నెత్తిన నాలుగు దెబ్బలు ఎక్కువే వేసింది.

"అక్కా, ఆస్పత్రికి పద. చిన్న గాయమైనా రమ్మన్నాడుగా డాక్టరు," అంది తూకం వేస్తున్న చెల్లెలు.

"ముల్లు గుచ్చుకుంటే ఆస్పత్రా? నలుగురూ నవ్విపోతారే!"

ఏడాది కిందట ఆ డాక్టరే చెప్పాడు, ఒంట్లో ఇనుము మరీ ఎక్కువైందని, నెలనెలా కొంత నెత్తురు తీయించుకోవాలని. రెండుసార్లు తీయించుకుని మానేసింది. ఇనుము చాలక జనం మాత్రలు మింగుతుంటే, ఉన్న బలాన్ని తోడి పారబోసుకోవడమేమిటని ఆమె వాదం. ఒకరు చెబితే వింటేగా!

మధ్యాహ్నానికి చెయ్యి మోచేతి దాకా పొంగింది. సాయంత్రానికి నల్లటి బొబ్బలు లేచి పగిలాయి. ఆస్పత్రి మంచం మీద ఆమె పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

"ఇది ఉప్పునీటి క్రిమి, అమ్మా," అన్నాడు డాక్టరు. "ఇనుము లేనిదే పెరగదు. మామూలు ఒళ్లు ఇనుమును దాచేస్తుంది. క్రిమి నెత్తురు కణాలు పగలగొట్టి లాక్కోవాలి, ఈలోగా ఒళ్లు దాన్ని చంపేస్తుంది. నీ ఒంట్లో కావలసినంత ఇనుము బయటే పడుంది. క్రిమి అది తిని రెట్టింపవుతూ, కండ కుళ్లబెడుతూ పైకి పాకుతోంది. చెయ్యి తీసేయాలి."

చెల్లెలు గొల్లుమంది. పెద్దక్కకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. తన బలమనుకున్నదంతా శత్రువుకు మేత అయింది.

"చెయ్యి లేకుండా నేనేం చేసి బతకను?" అని అరిచి, చెల్లెలి మొహం చూసి తగ్గింది. "సరే, కొయ్యండి. కత్తి పదునుందా? మొద్దుదైతే కండ చిరుగుద్ది."

భుజం దగ్గర తీసేశారు. క్రిమి అప్పటికే భుజం దాటిపోయింది. మర్నాడు కిటికీలోకి ఎండ వచ్చే వేళకు ఆమె ఊపిరి ఆగింది. పక్కనే కూర్చున్న చెల్లెలికి కూడా వెంటనే తెలియలేదు.

నర్సు ఒక కాగితం పొట్లం తెచ్చి ఇచ్చింది. వాచిన మణికట్టు నుంచి ఊడిరాక, పట్టకారుతో తుంచిన వెండి కడియం అందులో రెండు ముక్కలుగా ఉంది; ఒక ముక్క లోపలివైపు చేప పొలుసొకటి ఎండి అంటుకుపోయింది.