పార్సిల్ మాత్రమే

నీలి తమ్ముడైన టీక్యాను చంపినవాడు, ఆ సాయంత్రమంతా అక్కాతమ్ముళ్ల పకోడీ బండి దగ్గరే బల్ల మీద కూర్చుని పకోడీ తిన్నాడు. భూపాలపల్లిలో, బొగ్గు గనుల వైపు పోయే రోడ్డు పక్కన. బండి కట్టేసే వేళైంది, లేవమని టీక్యా అడిగాడు. వాడు లేచాడు, చేతిలో సీసాతో. పగిలిన సీసా టీక్యా మెడలో దిగింది. నీలి కొంగు చుట్టి గాయంలో కుక్కి పట్టుకుంది. ఆటో దవాఖాన చేరేసరికి కొంగు తడిసి బరువెక్కిందే తప్ప నెత్తురు ఆగలేదు.

అందుకే జనగామలో మా ఇంటి ఎదుటి మడిగెలో నీలీ, ఆమె భర్త గణపతీ మోమోల దుకాణం పెట్టినప్పుడు కూర్చోవడానికి ఏమీ వేయలేదు. షట్టర్‌కు అడ్డంగా ఒక టేబుల్, దాని వెనక ఆవిరి గిన్నెలు, పైన బోర్డు: పార్సిల్ మాత్రమే. వాళ్లది పాలకుర్తి అవతలి తండా. నీలి మోమోలు చేయడం హైదరాబాదులో ఒక హాస్టల్ వంటింట్లో నేర్చుకుంది. మొదట్లో మైదా పొర మందంగా ఉండేది. కొరికితే పిండి పంటికి అంటుకుంటోందని నేను చెప్పాను. మర్నాటికి లోపలి క్యాబేజీ పచ్చగా కనిపించేంత పల్చగా ఒత్తింది. నేను ఇంటి నుంచి స్టీలు డబ్బా తీసుకుపోయేదాన్ని. ఆ డబ్బా చూడగానే చట్నీ విడిగా కట్టేది.

ఫోనులో జనం రాసే అభిప్రాయాలు చదవడం గణపతికి వ్యసనం. మధ్యాహ్నం నీలి క్యాబేజీ తరుగుతుంటే పైకి చదివి వినిపించేవాడు. చట్నీ ఘాటుకు ముక్కు కారిందని ఒకరు రాశారు. కూరగాయలవీ చికెన్‌వీ ఒకే గిన్నెలో ఉడికిస్తారేమోనని ఇంకొకరికి అనుమానం. గిన్నెలు వేరని నేను కళ్లారా చూశాను. కానీ ఎవరేం రాసినా చివరికి వచ్చేది ఒక్కటే: కూర్చునే జాగా లేదు. నిలబడి మేయడానికి మేమేమన్నా బర్లమా అని రాసి ఒకడు ఒకే ఒక్క స్టార్ ఇచ్చాడు.

“కూసుంటే లేవరు,” అనేది నీలి, కత్తి ఆపకుండా.

తర్వాత బస్టాండు దగ్గర ఇంకో మోమోల దుకాణం పడింది. అక్కడ రంగురంగుల దీపాలు, మెత్తటి కుర్చీలు. మా వీధిలో వరుస చిన్నదైపోయింది. ఒకరోజు గణపతి, మూతపడ్డ హోటలు సామాన్లలోంచి రెండు ఇనుప స్టూళ్లు కొనుక్కొచ్చాడు. అప్పుడు నేను డబ్బాతో అక్కడే ఉన్నాను. నీలి ఒక స్టూలు తలకిందులు చేసి కాళ్లు చూసింది. ఒంటిచేత్తో లేపి బరువు చూసింది. భర్తతో వాళ్ల భాషలో ఏదో అంది. అందులో నాకు తెలిసింది టీక్యా పేరొక్కటే.

మర్నాడు ఆ రెండు స్టూళ్లనూ బర్రెను కట్టే గొలుసుతో కలిపి, షట్టర్ కమ్మీకి కట్టి తాళం వేసింది. కూర్చోవచ్చు, ఎత్తడానికి వీల్లేదు. తాళంచెవి ఆమె నడుముకున్న సంచిలోనే ఉండేది.

దాని మీదా రాశారు. ఖైదీల్లా కూర్చున్నామని, స్టూలు ఎత్తుకుపోయే దొంగల్లా కనబడుతున్నామా అని. పిల్లలతో వచ్చిన ఒకావిడ గొలుసును ఫోటో తీసి పెట్టింది. గణపతి వారమంతా పోరు పెట్టాడు.

“మందిల ఇజ్జత్ పోతుంది. ఇది దుకాణమా, బందెలదొడ్డా?”

చివరికి నీలి తాళంచెవి టేబుల్ మీద పడేసింది. గొలుసును మాత్రం చుట్టచుట్టి తన కాళ్ల దగ్గర పెట్టుకుంది.

హన్మంత్ అనేవాడు వచ్చింది ఒకరోజు దీపాలు పెట్టే వేళకు. వాళ్లది చిల్పూర్ వైపు బాగా భూములున్న కుటుంబం. అన్న రాజకీయాల్లో తిరుగుతాడు, ఇతను ప్లాట్లు అమ్ముతాడు. వెంట ఇద్దరు. నీళ్ల సీసాలో ఉన్నది నీళ్లు కాదని వాసనే చెప్పింది. హన్మంతూ ఒకడూ స్టూళ్ల మీద కూర్చున్నారు, మూడోవాడు టేబుల్‌కు ఆనుకున్నాడు. ప్లేట్లు కావాలన్నారు. లేవంటే డబ్బాల్లోనే తిన్నారు. మళ్లీ తెప్పించుకున్నారు. వరుసలో నేనూ ఇంకో ముగ్గురు ఆడవాళ్లూ, వాళ్ల కాళ్లు దాటుకుని టేబుల్ దగ్గరికి పోలేక నిలబడి ఉన్నాం.

“అన్నా, జర లేవుండ్రి. ఆడోళ్లు నిలబడ్డరు,” అన్నాడు గణపతి.

“నిలబడనీయ్. నీ దుకాణం గురించి నేను మంచిగ రాస్త తియ్. ఎన్ని చుక్కలు గావాలె నీకు?”

పక్కవాళ్లు నవ్వారు. గణపతి కూడా నవ్వాడు. ఆ నవ్వు హన్మంత్‌కు ఎందుకో నచ్చలేదు. మోమోలు చల్లారిపోయాయంటూ డబ్బా తీసి గణపతి రొమ్ము మీదికి విసిరాడు. చట్నీ చొక్కా నిండా పడింది.

“లే,” అంది నీలి.

“తండల నుంచొచ్చి నన్ను లెమ్మంటవా?”

లేచాడు. లేస్తూనే స్టూలు ఎత్తాడు. నీలి వైపు విసరబోతే గణపతి అడ్డం పోయాడు. ఇనుప కాలు అతని ఎడమ చెవి వెనక దిగింది. కొబ్బరికాయ నేలకేసి కొట్టినట్టు వినిపించింది. గణపతి మోకాళ్ల మీద కూలాడు. రెండో దెబ్బ భుజం మీద. లోపల ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. అతని మెడ మీదుగా ఎర్రగా కారుతున్నది చట్నీ అని వెనకావిడ అంది. కాదు. నీలి చట్నీ ఎప్పుడూ అంత పల్చగా ఉండదు.

మూడోసారి స్టూలు లేచేలోపు నీలి టేబుల్ దాటి వచ్చింది. గొలుసు హన్మంత్ మణికట్టు మీద పడింది. స్టూలు జారింది. రెండో దెబ్బకు పెదవి చీలి, రెండు పళ్లు రోడ్డు మీద పడ్డాయి. ఆపబోయిన స్నేహితుడి ముంజేతికి గొలుసు చుట్టుకుంది. ఆమె లాగేసరికి చర్మం ఊడొచ్చింది. వాడు అరుస్తూ పరుగెత్తాడు. ఇంకొకడు అప్పటికే లేడు. హన్మంత్ పాకుతూ పోబోయాడు. నీలి అతని మోకాలు చూసి కొట్టింది. మళ్లీ అక్కడే కొట్టింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. రొట్టెలు కొట్టేటప్పటి లయ ఉంది ఆ చేతిలో.

“లెమ్మన్నప్పుడు లేవలే. ఇప్పుడు లేవకు.”

ఈసారి గొలుసు తల వైపు ఎత్తింది. వీధంతా చూస్తోంది. ఫోన్లు పట్టుకున్నవాళ్లు ఫోన్లు దించలేదు. నేను డబ్బా కింద పెట్టి ఆమె మోచేయి పట్టుకున్నాను. గొలుసు కొస నా భుజానికి తగిలి మండింది.

“నీలీ, గణపతి బతికున్నడు. అటు చూడు, ఊపిరి తీస్తున్నడు.”

రెండుసార్లు చెప్పాక విన్నది. గొలుసు వదిలేసి భర్త దగ్గర కూర్చుంది. కొంగు చుట్టి చెవి వెనక అదిమి పట్టింది. ఆటో ఎక్కించేటప్పుడు నేను చూసింది ఆ కొంగునే. తడిసింది కానీ కారడం లేదు.

గణపతి బతికాడు. ఎడమ చెవికి వినికిడి పోయింది. హన్మంత్ దవడకు తీగ కట్టారు, మోకాలికి ఆపరేషన్ అయింది. రెండు వైపులా కేసులు పడ్డాయి. రాజీకి రమ్మని పెద్దమనుషులు కబురు పెట్టారు. నీలి పోలేదు. పోలీసులకు నేను చూసింది చూసినట్టు చెప్పాను. ముందు స్టూలు ఎత్తింది ఎవరో, తర్వాత గొలుసుతో ఎవరు ఎన్నిసార్లు కొట్టారో, రెండూ.

ఎవరో తీసిన వీడియో ఊళ్లన్నీ తిరిగింది. ఆ దుకాణంలో ఒక్క మోమో తినని వాళ్లు కూడా స్టార్లు ఇచ్చారు. చట్నీ కంటే ఓనరమ్మే ఘాటు అని మహబూబాబాద్ నుంచి ఒకడు రాశాడట. గణపతి ఇప్పుడు వాటిని పైకి చదవడు.

దుకాణం మళ్లీ తెరిచారు. స్టూళ్లు, గొలుసు పోలీస్ స్టేషన్‌లో ఉన్నాయి. నీలి కొత్త గొలుసు కొని బోర్డు కింద మేకుకు తగిలించింది. మొదటి రోజు నా ముందున్న కాలేజీ అమ్మాయి, కూర్చోవడానికేం లేదా అని అడిగింది. గణపతి వినబడక కుడిచెవి తిప్పాడు. ఆ అమ్మాయి కళ్లు మేకు దాకా పోయి ఆగాయి.

“పార్సిలే అన్నా,” అంది.

నా డబ్బా ఇంటికి తెచ్చుకుని తిన్నాను. పొర మళ్లీ మందంగా ఉంది. పిండి పంటికి అంటుకుంది. మర్నాడు పోతే, నీలి డబ్బా అందుకుంటూ నిన్నటివి ఎట్లున్నాయని అడిగింది.

మంచిగున్నాయన్నాను.