ఫోర్డు బండికి పట్టిన మైల

ఆ ఉదయం మబ్బు తూర్పు నుంచి నిదానంగా నడిచొచ్చి ఐరాల మామిడి తోపుల మీద కూర్చుంది. కురవదు, తెరిపి ఇవ్వదు. చావింటికి పలకరింపుకొచ్చిన చుట్టంలాగా ముఖం దించుకుని ఊరికే ఉంది. మునిరామయ్య దాన్ని చూసి నాలుక చప్పరించాడు. ఆయన దిగులు తోపు గురించి కాదు, పెళ్లింటి వాకిట్లో కడిగి నిలబెట్టిన తెల్ల ఫోర్డు కారు గురించి. వాన పడితే బురద చిమ్ముతుంది. మరి కాసేపట్లో అది పెళ్లికొడుకును ఎక్కించుకుని తిరుచానూరు కల్యాణమండపానికి పోవాలి.

పెళ్లికొడుకు మునిప్రసాద్ పరాయివాడు కాదు. మునిరామయ్య అక్క భారతమ్మకు మనవడు. ఆ కారు ఊళ్లోకి వచ్చినప్పటి నుంచి ఐరాలలో ఏ కులం పెళ్లికొడుకైనా మండపానికి పోయింది అందులోనే. బాడుగ ఇస్తామంటే మునిరామయ్యకు కోపం వచ్చేది. పక్కన పెళ్లికొడుకును కూర్చోబెట్టుకుని, జనం చూస్తూ ఉంటే నిదానంగా తోలుకుపోవడమే ఆయనకు ముట్టే బాడుగ. ఊళ్లో ఇద్దరు మునిరామయ్యలు ఉండడం వల్ల ఈయన్ని ఫోర్డు మునిరామయ్య అనేవాళ్లు. రెండో ఆయన కాలం చేశాక కూడా ఆ పేరు అట్లాగే నిలిచిపోయింది. అక్క మనవడి పెళ్లికే ఆ బండి కదలకపోతే ఇక ఆ పేరు పెట్టుకుని ఊళ్లో తిరగడం కష్టం.

కారు కొన్నప్పుడు తిరుపతి షోరూములో ఒక కుర్రాడు కాఫీ ఇచ్చి కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. మిగతాది ఆయన ఫోనులో చూసి నేర్చుకున్నాడు. ఎక్కిన ప్రతి పెళ్లికొడుకూ కాణిపాకం దాటేలోపల ఆ కథ విని తీరాల్సిందే.

"ఈ కంపెనీ పెట్టిన ఆయప్ప గూడా మన మాదిరి సేద్యగాని కొడుకే. మడక పట్టేది గిట్టలా. గడియారాలు ఇప్పుకోని సూస్తా కూసునేవాడంట. మనిషి కారు కాడికి పోకూడదు, కారే మనిషి కాడికి రావల్లన్నాడు. కారు నడిసొస్తా ఉంటాది, మనిషి నిలబడిన తావునే నిలబడి మర బిగిస్తాడు."

"ఇదేం గొప్పప్పా?" అన్నాడు ఒకసారి టీ అంగడి దగ్గర ఒకాయన. "మా యింట్లో నేను మంచం దిగను. అన్నమే నా కాడికి నడిసొస్తాది."

కథలో కొన్ని భాగాలను మునిరామయ్య తావును బట్టి వదిలేసేవాడు. ఆ పెద్దాయన పనివాళ్లకు కూలి ఒక్కసారిగా రెట్టింపు చేశాడన్న ముక్క టీ అంగడి దగ్గర గొంతెత్తి చెప్పేవాడు కానీ, కాయలు కోసే కాలంలో తోపులో చెప్పేవాడు కాదు. ఒకసారి చెప్పి, కూలివాళ్లంతా కోత ఆపి తనవైపే చూడడంతో ఆ పొరపాటు మళ్లీ చేయలేదు. సంఘం పెట్టుకుంటామని వచ్చినవాళ్లను కంపెనీ మనుషులు తన్నిన సంగతి, పెద్దాయన కొడుకు పేరు పెట్టి చేసిన కారును జనం ముఖం తిప్పి చూడని సంగతి అసలు ఎక్కడా చెప్పలేదు. ఇంటి పెద్ద గురించి బయటివాళ్లకు అన్నీ చెప్పుకుంటామా?

అట్లాంటి కంపెనీ, వినాయక చవితికి ముందురోజు, ఇండియాలో కార్లు చేయడం ఆపేస్తున్నామని చెప్పింది. టీవీలో చూసి మొదట వచ్చినవాడు గౌస్ మొహిద్దీన్. చిత్తూరు రోడ్డులో ఆయనకు రిపేరు షెడ్డు ఉంది. "ఏమప్పా, ఫోర్డు పోయిందంట గదా" అన్నాడు నవ్వుతూ. నవ్వులాటకే అన్నాడు. కానీ మునిరామయ్య నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు అద్దుకున్నాడు. అరుగు మీద చాప పరిచాడు. కాఫీ పెట్టించాడు.

అంతటితో అది చావైపోయింది. పండగ దాటిన మరునాటి నుంచి ఊరు ఊరంతా వచ్చింది. చెప్పులు వాకిట్లో విడిచి, చాప మీద కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడింది.

"శానా కాలంగా బాగలేదా?"

"లోపల్లోపల నష్టమంట. బయటికి చెప్పుకోలా."

"వయసెంతుంటాదప్పా?"

"నూరేండ్లు దాటింది."

"పండు వయసు. మంచంలో తీసుకోకుండా పొయ్యింది, పుణ్యం."

అమెరికాలో ఆ కంపెనీ నిక్షేపంగా ఉందని మునిరామయ్యకు తెలుసు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తన తండ్రి పోయినప్పుడు కూడా ఇంతమంది రాలేదు. కూలి రెట్టింపు చేసిన కథ మళ్లీ మళ్లీ చెప్పాడు. వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ తల ఊపారు.

అది జరిగి నెల దాటింది. ఇప్పుడు పెళ్లి.

గౌస్ మొహిద్దీనే పొద్దున్నే వచ్చి కారుకు పూలు కడుతున్నాడు. తిరుచానూరు నుంచి తెప్పించిన చామంతి, మధ్యలో ఎర్ర గులాబీ. ముందు భాగమంతా కట్టి వెనక్కి తిరుగుతుండగా పెళ్లికొడుకు తల్లి రుక్మిణమ్మ వచ్చింది. ఆమె వెనక ఆమె మొగుడు సుబ్రమణ్యం, అంటే భారతమ్మ కొడుకు, నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడడంలోనే మునిరామయ్యకు ఏదో తేడా కనిపించింది.

"చిన్నాయనా, కోపం చేసుకోవద్దండి," అంది రుక్మిణమ్మ. "మా మునికుమారు బండి తెచ్చినాడు. కొత్తది."

మునికుమార్ ఆమె తమ్ముడు. రేణిగుంటలో గోడౌను నడుపుతాడు. కొన్న కొరియా కారు సీట్లకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు.

"తెస్తే తెచ్చినాడు. ఎనకాల రమ్మను."

"అట్ల గాదు. పిల్లోణ్ణి దాంట్లో కూసోబెడదామని."

గౌస్ చేతిలో పూలదండ ఆగింది.

"దీనికేం రోగం?" అన్నాడు మునిరామయ్య.

"పోయిన కంపెనీ బండి గదా చిన్నాయనా. ఏడాది తిరగలా. ఏడాది లోపల శుభకార్యానికి వాడకూడదని మా వాళ్లంటా ఉండారు."

"ఎవురు పోయింది? కంపెనీ యాడికి పోయింది?"

"మీరే గదా చెప్పింది! మేమంతా వచ్చి పలకరిస్తిమి. కాఫీ గూడా తాగితిమి."

ఆ కాఫీ మునిరామయ్యే దగ్గరుండి పెట్టించాడు.

"అది పోలేదమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అమెరికాలో దుక్క మాదిరి గట్టిగా ఉండాది. ఈడ అంగడి మూసుకున్న్యారు, అంతే."

వెనక నుంచి మునికుమార్ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. "అంటే సచ్చిపోలా, ఇడిసిపెట్టి పొయినాడంటావు. అది ఇంకా మేలంటావా పెద్దాయనా?"

"నీ కొరియావోడు పోడని రాసిచ్చినాడా?"

"పోయినప్పుడు సూద్దాంలే. ఈ పొద్దుకైతే బతికే ఉండాడు."

గౌస్ కలగజేసుకున్నాడు. "బండికి మైలేందమ్మా? మా నాయన పోయినాక ఆయన సైకిలు మేం తొక్కలేదా?"

"మీకు ఆ పట్టింపులు లేవు గదా గౌసన్నా."

"ఉండాయి తల్లీ. మనుషులకుండాయి. సైకిళ్లకు లేవు."

"మామా, ఒక్క పూట," అన్నాడు సుబ్రమణ్యం, ఇంకా నేలనే చూస్తూ. "మనూరోళ్లు ఏమన్నా అనేస్తే తర్వాత..."

మునిరామయ్య చివరి ఆశ అక్క మీదకు పోయింది. ఇంట్లో పెద్దది ఆమే. ఆమె ఒక్క మాటంటే కోడలు కాదనలేదు. వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "అక్కా! నువ్వొచ్చి చెప్పు. ఈ బండి పనికొస్తాదా, రాదా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. భారతమ్మ బయటికి రాలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"నన్నడగద్దురా. ఈ పొద్దు నాకు వాకిట్లో పనిలేదు."

పెళ్లికొడుకు బయలుదేరే రోజు మొగుడు లేని ఆడది ఎదురు రాకూడదు. ఇంటికి పెద్దయినా అంతే. అది అందరికీ తెలిసిందే. గౌస్ ఒక్కో దండా విప్పి, పూలు రాలకుండా పట్టుకుని, కొత్త కారుకు కట్టాడు. కడుతున్నంతసేపూ మునిరామయ్య తన కారులో స్టీరింగు పట్టుకుని, అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాడు.

మునిప్రసాద్ పట్టుపంచె సర్దుకుంటూ వచ్చి అద్దం మీద తట్టాడు. "తాతా, నాకేం పట్టింపు లేదు. మాయమ్మే..."

"పోరా నాయనా, పో. టయానికి పోవల్ల," అన్నాడు మునిరామయ్య అద్దం దించకుండానే. పిల్లవాడికి అది వినిపించిందో లేదో.

కొత్త కారు కదిలింది. వెనక చుట్టాల బస్సు కదిలింది. వీధి ఖాళీ అయ్యాక వెనక సందులోంచి భారతమ్మ వచ్చింది, చేతిలో గుడ్డసంచి పట్టుకుని. పెళ్లికొడుకు కనుచూపు దాటాకే రావాలని ఆగి, బస్సు అందుకోలేకపోయింది. కారు పక్కకొచ్చి నిలబడింది.

"ఎక్కమంటావా?"

"ఎక్కక్కా. నువ్వు గూడా మైల అంటావేమో అనుకున్న్యా."

ఆమె ముందు సీట్లో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. "నేనేమంటాన్రా? దీనికి ఏడాదే మైల. నాకు ఆ గడువన్నా పెట్టలా."

మునిరామయ్య తాళం తిప్పబోయి ఆగాడు.

"మన వీధి చెంగమ్మ కొడుకు పెండ్లి గుర్తుందా?" అంది ఆమె, రోడ్డు వైపే చూస్తూ. "ఈ అద్దం దించి నువ్వే అంటివి, 'అక్కా, రవ్వంత పక్కకు జరుగు, పిల్లోడొస్తా ఉండాడు' అని. జరిగితిని."

"అక్కా..."

"ఏం చెప్పొద్దులే. బండి తోలు."

తోలాడు. చాలా ఏళ్లలో మొదటిసారిగా ఆ కారులో సేద్యగాని కొడుకు కథ వినిపించలేదు. కాణిపాకం దగ్గర దారి పక్కన చుట్టాల బస్సు, దాని ముందు కొత్త కారు నిలిచి ఉన్నాయి. కొత్త బండి కాబట్టి వినాయకుడికి టెంకాయ కొట్టకుండా దాటకూడదని మునికుమార్ అందరినీ దించాడు. టెంకాయ అంగడి ముందు వరస పెద్దగా ఉంది. మునిరామయ్య ఆగలేదు. భారతమ్మ అద్దంలోంచే చేతులు జోడించింది. చంద్రగిరి దాటాక సన్నగా తుంపర పట్టింది. ఆయన వైపరు వేశాడు. కారు ఎక్కడా మొరాయించలేదు.

తిరుచానూరు మండపం గేటు దగ్గర పెళ్లికూతురివాళ్లు కాచుకుని ఉన్నారు. తెల్ల ఫోర్డు కనిపించగానే మేళం మొదలుపెట్టమని సుబ్రమణ్యం ముందువారమే వాళ్లకు ఫోను చేసి చెప్పి ఉన్నాడు. పొద్దున జరిగిన గొడవలో ఆ మాట మార్చి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తెల్ల ఫోర్డు కనిపించింది. డోలు మోగింది, నాదస్వరం లేచింది. పెళ్లికూతురి తల్లి రాజశ్రీ ఎర్రనీళ్ల పళ్లెంలో కర్పూరం వెలిగించుకుని, వెనక నలుగురు ఆడవాళ్లతో, కారు తలుపు దగ్గరికే వచ్చేసింది.

మునిరామయ్య కిటికీలోంచి చేయి ఊపాడు. "అమ్మా, మేం కాదు, ఎనకాల..." డోలు ఆ మాటను మింగేసింది. ఎవరో తలుపు తెరిచారు. భారతమ్మ గుడ్డసంచితో దిగింది. వెనక్కి జరుగుదామంటే వెనక కారు. పక్కకు పోదామంటే జనం.

రాజశ్రీ అప్పటికే హారతి తిప్పడం మొదలుపెట్టింది. సగం చుట్టు తిరిగాక ఎదుటి నుదురు బోసిగా ఉండడం చూసింది. పళ్లెం గాల్లో ఆగింది. తిప్పకూడదు, నిజమే. కానీ వెలిగించిన హారతి సగంలో ఆపడం మరీ కీడు. ఆమె కళ్లలో ఆ రెండు కీడులూ కాసేపు తూకం వేసుకున్నాయి. తర్వాత ముఖం గట్టిగా పెట్టుకుని మూడు చుట్లూ తిప్పేసింది. చేతికి అలవాటు కాబోలు, పళ్లెంలో వేలు ముంచి, నుదుట బొట్టు కూడా పెట్టేసింది.

"రాండి పెద్దమ్మా, లోపలికి," అంది. భారతమ్మ తమ్ముడి కోసం గేటు పక్కనే ఆగింది.

కొత్త కారు వచ్చేసరికి మేళగాళ్లు కాఫీ తాగడానికి లోపలికి పోయారు. పళ్లెంలో నీళ్లు ఫోర్డు చక్రాల దగ్గర పారబోసి ఉన్నాయి. మళ్లీ కలిపి తేవడానికి మనిషి పరిగెత్తింది. పూల కారులో పెళ్లికొడుకు, తలుపు ఎవరు తీస్తారో తెలియక, దిగాలా వద్దా అని కూర్చున్నాడు.

రుక్మిణమ్మ దిగి అత్తను చూసింది. ఆ నుదుట ఎర్రగా, ఇంకా తడిగా ఉన్న బొట్టును చూసింది. ఉండకూడని బొట్టు. అట్లాగని పెళ్లిపందిట్లో ఒక మనిషి నుదుటి బొట్టు ఎవరు చెరుపుతారు? పొద్దున కారుకు మైల తేల్చినవాళ్లంతా వరసగా బస్సు దిగారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భారతమ్మ దాన్ని చెరుపుకోలేదు.

"ఏం పెద్దాయనా, ముందే వచ్చేసినారే," అన్నాడు మునికుమార్, మాట వెతుక్కుని.

ఇట్లాంటి తావున చెప్పడానికి మునిరామయ్య దగ్గర కంపెనీ కథ ఒకటే ఉంది. అది నోటిదాకా రాలేదు. అక్క చేతిలోని సంచి అందుకుని ఆమెకు దారి వదిలాడు. ఇదివరకు ఆమె తన వెనక వస్తుందో లేదో చూసేవాడు కాదు. ఈసారి ఆమె ముందు నడిచింది.

భోజనాల పంక్తిలో భారతమ్మ చివరి వరసకు పోబోయింది. మునిరామయ్య మొదటి వరసలో ఒక ఆకు ముందు కుర్చీ లాగి, దాని మీద సంచి పెట్టి, పక్క కుర్చీలో తను కూర్చున్నాడు. ఆమె నిలబడి చూసి, వచ్చి కూర్చుంది. ఎదురుగా సుబ్రమణ్యం, రుక్మిణమ్మ, వాళ్ల పక్కన మునికుమార్ కూర్చున్నారు. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, సాంబారు వచ్చింది. పాయసం తెచ్చినవాడు మొదటి వరసలో ఆమె బోసి మెడ, నుదుటి బొట్టు చూసి, తడబడి, పక్క ఆకుకు పోయాడు. రుక్మిణమ్మ లేచి, వాడి చేతిలోని గరిటె తీసుకుని, అత్త ఆకులో వడ్డించి, మళ్లీ వచ్చి కూర్చుంది. భారతమ్మ చాలనలేదు. మునిరామయ్య పెరుగు కోసం చెయ్యి చాపాడు. సుబ్రమణ్యం గిన్నె ఆయన వైపు జరిపాడు. పైన రేకుల మీద వాన గట్టిపడింది. అందరూ ఆకుల మీదికి వంగి అన్నం తిన్నారు.